పేర్ల పుస్తకమూ నా నోరూ

నా చిన్నప్పుడు బిడ్డ పుట్టిన వారం పది రోజుల్లో పేరు పడిపోయేది. తల్లో తండ్రో ఒక పేరు అనుకునేవారు, చర్చి ఫాదర్ బిడ్డ తలమీద నీళ్ళు పోసి ఆ పేరుతో పిలిచేవారు, ఎస్టేటు గుమాస్తా తనకు తోచిన స్పెల్లింగుతో కాగితం మీద రాసుకునేవాడు. అక్కడితో పని అయిపోయేది. ఇప్పుడు క్లాంగ్‌లో మా ఇంట్లో రెండు నెలలుగా ఒక్క పేరు తెమలడం లేదు. మా మనవరాలికి వచ్చే నెల కాన్పు. పుట్టబోయేది మగపిల్లవాడని డాక్టరు చెప్పిన రోజు నుంచి పేర్ల కోసమే ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారు. పొద్దున్న లేచేసరికి అందులో కొత్త ఇంగ్లీషు పేర్లు బారులు తీరి ఉంటాయి, ఒక్కో పేరు పక్కన దాని అర్థం. ఒక చోట వెతికితే యోధుడు అని ఉంటుంది. అదే పేరుకు ఇంకో చోట లోయలో కాపురముండేవాడు అని ఉంటుంది. మొన్న అందరికీ నచ్చిన పేరు రోవన్. దానికి ఎర్రజుట్టు బుల్లోడని అర్థమట. మన ఏడు తరాల్లో ఎర్రజుట్టు ఎవరికుందే అని మనవరాలిని అడిగితే, "అమ్మమ్మా, వినడానికి బాగుంది లా" అంటుంది, ఈ దేశపు అలవాటు కొద్దీ చివర లా తగిలించి. వినడానికి బాగుంటే సరిపోయేటప్పుడు అర్థం ఎందుకు వెతికారో మాత్రం ఎవరూ చెప్పరు.

నిన్న అన్నం తింటుంటే మనవరాలి భర్త ఆ ఫోను తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు. నాకు ఇంగ్లీషు బాగా వచ్చు కాబట్టి ఈ అర్థాలన్నీ చదివి ఏది మంచిదో నేనే తేల్చాలట. ఫోను బోర్లించి పెట్టి, నేను చదవను, ఇంకెవరినైనా అడుక్కోండి అని గట్టిగానే అన్నాను. ముసలావిడకు చాదస్తం ముదిరిందని అందరూ మొహాలు చూసుకున్నారు. అనుకోనివ్వండి. పేర్ల అర్థాలు చదివి చెప్పే ఉద్యోగం నేను పదేళ్ళ వయసులోనే చేశాను. ఆ ఉద్యోగం ఎలా ఊడిందో వాళ్ళకు తెలియదు.

మాది బాగన్ దాతుక్ దగ్గర, మా తాతలు ఓడెక్కి కూలికి వచ్చిన ఒక కొబ్బరి తోట. పనివాళ్ళ ఇళ్ళు వరుసగా, ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి. మధ్యలో చెక్క గోడ. ఇటువైపు దగ్గితే అటువైపు వాళ్ళు మంచినీళ్ళు తాగమనేవారు. మా లైనులో అందరూ తెలుగు వాళ్ళే, అందరూ చర్చికి వెళ్ళేవాళ్ళే. అందుకని ఇంటింటా ఇంగ్లీషు పేర్లు. ఆ పేర్లు మా నోళ్ళలో పడి పిలిప్పు, పోలు, పెలిక్సు అయిపోయేవి. వాటికి అర్థాలుంటాయని మాలో ఎవరికీ తోచలేదు. పేరు పిలవడానికి. పిలిస్తే పలకాలి. అంతే.

మా లైనులో ఇంగ్లీషు బడికి వెళ్ళే పిల్లను నేనొక్కదాన్నే. ఆ ఏడు మా టీచరమ్మ వేరే ఊరికి మారిపోతూ తన పాత పుస్తకాలు పిల్లలకు పంచిపెట్టింది. అందరికీ కథల పుస్తకాలు వచ్చాయి. నాకు మాత్రం అట్ట ఊడిపోయిన సన్నటి పుస్తకం ఒకటి మిగిలింది. పిల్లలకు పెట్టదగిన పేర్లు, వాటి అర్థాలు. బొమ్మ ఒక్కటి కూడా లేదు. దారి పొడవునా ఏడుపు మొహంతో వచ్చి, ఇంటి మెట్టు మీద కూర్చుని విసుగ్గా పేజీలు తిప్పితే నా పేరు కనిపించింది. దాని పక్కన ముత్యం అని ఉంది. ఇంట్లో గుంటా అనీ, బడిలో తోట పిల్ల అనీ పిలిపించుకునే నన్ను ఎవరో ఇంగ్లండు మనిషి పనిగట్టుకుని ముత్యం అని రాశాడు. ఆ ఒక్క మాటతో పుస్తకమంతా సత్యమని నమ్మేశాను. నా పేరుకు ఏ పీతో, బురదో అని రాసి ఉంటే ఆ పూటే అవతల పారేసేదాన్ని, ఇంత కథ ఉండేది కాదు.

మొదట మా నాన్న పేరు చూశాను. ఫిలిప్ అంటే గుర్రాలంటే ఇష్టపడేవాడట. మా నాన్న కొబ్బరి ఎండబెట్టే కొట్టంలో పని చేసేవాడు. ఆయనకు మేకలంటేనే భయం. విని రెండు రోజులు నవ్వుకున్నాడు. ఎదురింటి పోలు మామ దూలంలా ఉండేవాడు, గుమ్మం దాటాలంటే నడుం వంచాలి. పుస్తకంలో పోలు అంటే చిన్నవాడు. పని చూసే మండోరు పేరు పెలిక్సు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు తోటలో లేరు. పుస్తకంలో ఆయన సంతోషంగా ఉండేవాడు. ఇది పిల్లల చెవిన పడి, ఆయన సైకిలు కనబడితే చాలు సంతోషం వస్తోంది, సంతోషం వస్తోంది అని పారిపోయేవారు. మా అమ్మకు ఒళ్ళు మండిపోయింది. చేపలు తోమే వేళకు నలుగురు వచ్చి మా పేరు చూడు, మా పేరు చూడు అని గుమ్మానికి అడ్డంగా కూర్చునేవారు. ఆ పుస్తకం పొయ్యిలో పెడతానని రోజుకు మూడుసార్లు అనేది. నేను దాన్ని గౌనులో దాచుకుని తిరిగేదాన్ని.

అర్థం చెప్పి ఊరుకుంటే బాగుండేది. నాలుగు రోజులకే నేను తీర్పులు చెప్పడం మొదలుపెట్టాను. పేరుకు మనిషి సరిపోయాడా, లేదా. సరిపోతే తల ఊపేదాన్ని. సరిపోకపోతే, మీ అమ్మా నాన్నా చూసి పెట్టాల్సింది అనేదాన్ని. పెద్దవాళ్ళు కూడా నవ్వి బిస్కెట్టు చేతిలో పెట్టేవారు. పదేళ్ళ పిల్లకు అంత గౌరవం ఇవ్వకూడదు. ఇచ్చారు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. నది అవతల వేరే తోట నుంచి మా లైనుకు కోడలిగా వచ్చింది. భర్త తోట లారీ నడిపేవాడు. అత్తగారు ఇల్లు నడిపేది, ఇంటితో పాటు మిగతా లైను కూడా నడపాలని చూసేది. అక్క నాకు జడలు వేసేది. కొత్తగా ఏదైనా వండితే చెక్క గోడ మీద వేలితో కొట్టి పిలిచి మొదటి ముద్ద నాకే పెట్టేది. ఆమెకు మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. తరువాత చాలా ఏళ్ళకు పుట్టిన ఆడపిల్లకు క్లాడియా అని పేరు పెట్టింది. ఆ పేరు అత్తగారికి మొదటి రోజు నుంచీ మింగుడు పడలేదు. తన తల్లి పేరు శాంతమ్మ అని పెట్టాలని ఆమె పట్టు. క్లాడియా అని నోరు తిరగక ఆమె కిలాడియా అనేది. లైను మొత్తం అదే పట్టుకుని ఆ పసిదాన్ని కిలాడీ అని ముద్దు చేసేవారు. పాపకు ఏడాదిన్నర దగ్గరపడుతోంది. నవ్వేది, కబుర్లు చెప్పేది, కూర్చునే ఇల్లంతా జరిగేది. ఇంకా అడుగు వేయలేదు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక మా మెట్టు దగ్గర జనం చేరారు. అక్క పాపను చంకనేసుకుని వచ్చింది. వెనకాలే అత్తగారు. అక్క మొహం ఇప్పటికీ నా కళ్ళముందుంది. అందరి పేర్లకూ ఏవేవో వస్తున్నాయి, తన బిడ్డ పేరుకు ఇంకా మంచిది వస్తుందని ఆశ.

"మా పాపదీ సూసి సెప్పవే" అంది.

చూశాను. అక్కడ ఒకటే మాట ఉంది. కుంటిది. బడిలో బైబిలు కథల్లో చదివిన మాటే కాబట్టి నాకు తడుముకునే పని కూడా పడలేదు. పైకి చదివేశాను. చదివి, చిక్కులెక్క తేలినవాళ్ళలా సంబరపడి, "అందుకే ఇది ఇంకా నడవనేదు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అక్క పాపను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుని, తిరిగి వాళ్ళింట్లోకి వెళ్ళిపోయింది. అత్తగారు మాత్రం అక్కడే నిలబడి గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. తను ముందే చెప్పిందట, ఊరూ పేరూ లేని పేరు పెట్టొద్దని. ఇప్పుడు పుస్తకంలోనే రాసి ఉందట. కోడలు చేజేతులా బిడ్డను కుంటిదాన్ని చేసిందట.

మా అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. నాకు నొప్పి కంటే కోపం ఎక్కువగా ఉంది. నేను రాశానా ఆ పుస్తకం? ఉన్నదే చదివాను కదా? ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంటే మళ్ళీ మళ్ళీ తన్నులు తిన్నాను. ఆ మధ్యాహ్నమంతా చెక్క గోడ అవతలి నుంచి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. వచ్చే నెల ఫాదర్ వచ్చినప్పుడు పేరు మార్పించాలి. అప్పటిదాకా ఆ పేరు ఇంట్లో వినబడకూడదు. ఆ పేరు పెట్టిన మనిషి కూడా కనబడకూడదు. బిడ్డను తీసుకుని అక్క పుట్టింటికి పోవాలి. నడక వచ్చాకే రావాలి. నడక రాకపోతే ఏమిటన్నది అత్తగారు చెప్పలేదు. లారీ నడిపే ఆయన తల్లి ముందు నోరెత్తే మనిషి కాదు. అక్క ఏడుపు కూడా వినబడలేదు. పెట్టె లాగిన చప్పుడు వినబడింది.

మా ఇంట్లో మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, ఉండేది. చదువు రాదు. ఆ సాయంత్రం ఆమె నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఆ గోడ వైపు చూస్తూ కూర్చుంది. నన్ను వెనకేసుకొస్తోందనుకున్నాను.

పొద్దున్నే నన్ను లేపింది. బడికి సెలవులు. "లెగు ముత్తెమా" అంది. పుస్తకంలో నా పేరుకు ఉన్న అర్థం తనకు గుర్తున్నందుకు మురిసిపోయాను. చేయి పట్టుకుని తీసుకెళ్ళి, మేము పడుకునే చోట అడ్డంగా కట్టిన పాత చీర వెనక చాప మీద కూర్చోబెట్టింది.

"ఇది నీ సిప్ప. కూకో."

నాకు అర్థం కాలేదు. మామ్మ చాలా ఓపిగ్గా, చిన్నపిల్లలకు జపం నేర్పినట్టు చెప్పింది. ముత్యం చిప్పలో ఉంటుంది. ముత్యానికి నోరు లేదు. కాళ్ళు లేవు. ఎవరో తీసేదాకా బయటికి రాదు. పుస్తకంలో నువ్వు ముత్యానివని ఉంది కాబట్టి ఈవేళ నువ్వు ముత్యంలా ఉండు. చీర దించేసి వెళ్ళిపోయింది.

మొదట ఆటనుకున్నాను. కాసేపటికి విసుగొచ్చింది. బయట నా స్నేహితురాలు వచ్చి పిలిచింది. పలకబోతే మామ్మ గొంతు ముందే లేచింది. "మా ఇంట్లో పిల్ల నేదు. ముత్తెం ఉంది. అది మాటాడదు." ఆ పిల్ల నవ్వుకుంటూ పోయింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నీళ్ళు కావాలన్నాను. ముత్యం నీళ్ళలోనే పుట్టింది కదా, మళ్ళీ నీళ్ళెందుకంది. కాసిని ఇచ్చింది లెండి. అమ్మ చేపల పులుసు వండింది. వాసన చీర దాటి వచ్చింది. కంచం మాత్రం రాలేదు. మా అమ్మకు కూడా విసుగెత్తి, పిల్లను తిండికి మాడుస్తారేమిటని మామ్మతో గొడవ పడింది. మామ్మ వినలేదు. ముత్యానికి కూరెందుకు అంది. ఇద్దరూ నా గురించి నేను లేనట్టే వాదించుకుంటుంటే నాకు పిచ్చెక్కింది. చీర పట్టి లాగిపారేసి బయటికి వచ్చాను.

"నాను ముత్తెం కాదు! నాను నానే!" అని అరిచాను.

"పుస్తకం అబద్దమాడతాదేటి?" అంది మామ్మ.

"పుస్తకానికేటి తెలుసు నా గురించి!"

మామ్మ అప్పుడు లేచింది. ఆమె మొహంలో నవ్వు లేదు. "ఒక్క పూట అలగుండమంటే నీకు పానం మీదికొచ్చినాది. అదీ మంచి మాటే, ముత్తెం. ఆ పసిగుంటకి నువ్వంటించిన మాటేటి? అది ఎన్ని పూటలు మొయ్యాలి?"

ఆ పొద్దు ఏడ్చినంతగా నేను మా మామ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. ఆమె నన్ను ఓదార్చలేదు. ముందు అన్నం పెట్టింది, చేపలో మంచి ముక్క వేసింది, తిన్నాక చేయి కడిగించింది. ఆ తడి చేతిని అలాగే పట్టుకుని పక్కింటికి బయలుదేరింది.

అక్క బట్టలు సర్దుతోంది. పాప నేల మీద కూర్చుని, సర్దిన బట్టలు ఒక్కొక్కటే పెట్టెలోంచి లాగేస్తోంది. అత్తగారు గుమ్మం దగ్గర కూర్చుని, మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. మామ్మ నన్ను ముందుకు తోసింది. ఆ పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడగమంది. క్షమించమని అడగమంటే సులువుగా ఉండేది. ఇది అడగలేక మామ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనక్కి జరిగాను. రెండోసారి తోసింది. అడిగాను.

అక్క పాప గౌను ఒకటి మడత పెట్టి పెట్టెలో వేసింది. తరువాత చెప్పింది. ఆ కాన్పు రెండు రోజులు పట్టిందట. తనను పట్నం ఆసుపత్రిలో చేర్చాక వానలకు దారి మునిగి ఇక్కడి నుంచి ఎవరూ అక్కడికి చేరలేకపోయారు. బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తోందని, తల్లీ బిడ్డల్లో ఎవరు దక్కుతారో చెప్పలేమని అక్కడి తమిళ ఆయాలు అనుకోవడం తన చెవిన పడింది. మొదటి బిడ్డ పోయిన మంచం కూడా అలాంటిదే. ఒక చీనా నర్సమ్మ ఉండేది. ఆమె పని వేళ అయిపోయింది. ఇంటికి పోవడానికి సంచీ కూడా భుజాన వేసుకుంది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆమెకు తెలుగు రాదు, అక్కకు ఇంగ్లీషు రాదు. ఆమె సంచీ దించి, కుర్చీ లాక్కుని కూర్చుంది. బిడ్డ ఏడ్చేదాకా ఆ చెయ్యి అలాగే ఇచ్చి కూర్చుంది. తరువాత అక్క ఆమె పేరు అడిగింది.

"రెండుసార్లు సెప్పించుకున్నాను, మరిసిపోకుండా. ఆవిడ పేరే నా కూతురి పేరు. అర్తం గిర్తం నాకు తెలీదు" అంది.

గుమ్మంలో ఉన్న అత్తగారు ఇటు తిరిగింది. కోడలు అంత దగ్గరగా చావు చూసి వచ్చిందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. నాకు సెప్పనేదేటి అని అడిగింది. ఆ గొంతులో ఇంకా తగువే ఉంది, కానీ బలం లేదు.

"మీరు అడగనేదు అత్తా" అంది అక్క. కోపంగా కాదు. ఉన్నమాట చెప్పినట్టు.

మామ్మ కింద కూర్చుని, కాళ్ళు చాపి, పాపను తన కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టింది. లైనులో పుట్టిన ప్రతి పిల్లకూ ఆమే స్నానం పోసేది. అలా పోస్తుండగానే చూసిందట. పాప తొడల వెనక మడతలు రెండు వైపులా సమంగా లేవు. ఒక కాలు ఇంకో కాలి కంటే వేలెడు పొట్టి. అందరినీ దగ్గరికి పిలిచి చూపించింది. ఒకసారి చూపించాక గుడ్డివాళ్ళకు కూడా కనబడేలా ఉంది. మూడు నెలలుగా తనకు అనుమానంగా ఉందంది.

అత్తగారికి ఇంతసేపూ ఎవరిని తిట్టాలో తెలియక ఉన్న కోపమంతా ఒక దారి పట్టింది. మూడు నెలలుగా తెలిసి నోరు మూసుకున్నావేటి వదినా అని విరుచుకుపడింది.

"నువ్వు గోల సేస్తావని బయమేసి" అంది మామ్మ. "ఇప్పుడు సేసినట్టే. పేరు మారిస్తే కాలు పెరగదు వదినా. రేపు బస్సుకి ఆస్పత్రికి ఎల్దుము. తరవాత ఎంత గోలైనా సేసుకో."

మర్నాడు అక్క, అత్తగారు, మామ్మ బయలుదేరారు. నోరు మూసుకుని ఉంటే రమ్మని నన్నూ తీసుకెళ్ళారు. ఆసుపత్రిలో మాట అర్థం చేసుకోవడానికి ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఒకరు కావాలి కదా. డాక్టరు చెప్పింది నేను తెలుగులోకి చెప్పాను. పుట్టినప్పటి నుంచీ పాప తుంటి ఎముక దాని గూట్లో సరిగా లేదు. ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్లల్లో ఇలా ఉండొచ్చు. ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేది, ఇప్పుడైతే సరిచేసి కట్టు వేస్తాం. ఒక్కో మాటా ఆగి, అడిగి, మళ్ళీ అడిగి చెప్పాను. ఒక్కటీ నా సొంతంగా కలపలేదు. అక్క చెయ్యి పట్టుకున్న ఆ నర్సమ్మ కోసం వెతికాం. ఆమె వేరే ఊరు మారిపోయిందన్నారు. అక్క ఒక క్షణం నిలబడి, తల ఊపి, పాపను ఎత్తుకుంది.

తిరుగు బస్సులో నాకు కాస్త ధైర్యం వచ్చింది. ఎంతైనా నేను ఆ మాట అనబట్టే కదా పాప ఆసుపత్రికి చేరింది అని మామ్మ చెవిలో అన్నాను. మామ్మ నా వైపు చూసిన చూపుకు సీటులోంచి జారిపోయాను.

"ఒలే, నీ పుణ్యమని సాటింపు ఎయ్యమంటావేటి?" అంది. తరువాత గొంతు తగ్గించి, "మనిద్దరం ఒకటే. అనకూడని మాట నువ్వు అందరి ముందూ అనేసినావు. అనాల్సిన మాట నాను ఎవులికీ అననేదు. నువ్వు సిన్నదానివి. నాకేటొచ్చినాది?" అంది. మా మామ్మ తన తప్పు తాను ఒప్పుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తరువాతి వారం పాపకు నడుం నుంచి కాళ్ళదాకా తెల్లటి గట్టి కట్టు వేశారు, కాళ్ళు కప్పలా ఎడంగా పెట్టి. నెలల తరబడి ఆ కట్టు. బడి నుంచి రాగానే దాన్ని చూసుకునే పని నాకు పడింది. రాయిలా బరువు, చెమట వాసన, రోజంతా పేచీ. ఈగలు తోలేదాన్ని, ఇంగ్లీషు వాచకంలో పాటలు పాడేదాన్ని, నా జుట్టు దాని గుప్పిట్లోంచి విడిపించుకోలేక అరిచేదాన్ని. అత్తగారు గొణుగుతూనే దాన్ని అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టేది. పేరు మార్చే మాట మళ్ళీ ఎత్తలేదు. కిలాడియా అనడం మాత్రం ఆమె పోయేదాకా మానలేదు. పేర్ల పుస్తకం ఏమైందో నాకు గుర్తు లేదు. మా అమ్మ అన్నంత పనీ చేసి పొయ్యిలో పెట్టి ఉంటుంది.

పాప రెండేళ్ళ వయసు దాటాక నడిచింది. నడకలో ఒక పక్కకు చిన్న ఊపు ఉండిపోయింది. పన్నెండేళ్ళ వయసులో నాకు మళ్ళీ బుద్ధి గడ్డి తిని, అయితే పుస్తకం చెప్పిందే నిజమైంది కదా అని మామ్మను అడిగాను. ఆమె చేతిలో చీపురు ఉంది. దాన్ని నేలకేసి కొట్టింది.

"అది నడస్తంది లా! నీకు కుంటొకటే కనబడినాదా?"

ఆ క్లాడియా ఇప్పుడు ఇపో పట్నంలో ఉంది. ముగ్గురు పిల్లల్ని పెంచింది, ఈ మధ్యే నాలాగే అమ్మమ్మ అయింది. మేమిద్దరం ఎప్పుడైనా బజారుకు వెళితే నాకంటే పది అడుగులు ముందుంటుంది. ఆగవే అని వెనక నుంచి నేనే కేకలు పెట్టాలి.

ఎవరైనా బిడ్డ పేరు చెబితే అర్థం ఏమిటని నేను అడగను. ఎవరు పెట్టారని అడుగుతాను. చాలామంది తడబడతారు, కొందరు కథ చెబుతారు, ఒకరిద్దరు ఏడ్చారు కూడా. ఇంకొకటి కూడా ఉంది. మా కుటుంబంలో పుట్టిన పిల్లలందరికీ మొదటి స్నానాలు నేనే పోశాను. కాళ్ళు చాపి, బిడ్డను బోర్లా వేసుకుని, తొడల మడతలు రెండు వైపులా చూస్తాను. చెవులు చూస్తాను, చప్పుడుకు కళ్ళు తిప్పుతోందా అని చూస్తాను. ఏదైనా తేడాగా అనిపిస్తే ఆ రోజే చెబుతాను. బయట ఎంతమంది చుట్టాలున్నా రానివ్వను. తలుపు దగ్గరగా వేసి, తల్లి ఒక్కదానికే చెబుతాను. ఒకసారి లేని తేడా ఉందని పొరబాటు పడి ఒక కోడలి చేత బెంగతో మూడు రోజులు అన్నం మాన్పించాను కూడా. ఆ కోడలు ఇప్పటికీ నా మీద విసుక్కుంటుంది. విసుక్కోనీ. నోరు విప్పే ముందు ఇప్పటికీ ప్రతిసారీ ఆ పాత చీర వెనక చాప గుర్తొస్తుంది. బిడ్డను ఒళ్ళోకి తీసుకుని, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, మెల్లగా మొదలుపెడతాను.